తాళపుచెవి యెవరి చేతిలో?

బొగ్గుగనుల ప్రాంతమందలి గృహస్థుని యింట నిన్నమొన్నటివరకు ఒక ఇనుపపెట్టె యుండెడిది. కొలువు కాగితము, భవిష్యనిధి లెక్క, భూమి పోయినందుకు వచ్చిన నష్టపరిహారపు పత్రము, పిల్లల చదువుల సర్టిఫికెట్లు అన్నియు నందులోనే యుండెడివి. పెట్టెకు తాళము, తాళపుచెవి ఇల్లాలి కొంగున. నేడా పెట్టె వట్టిపోయినది. బసంత్‌నగర్ సిమెంటు కార్మికుని కాగితములు, గోదావరిఖని గని కార్మికుని కాగితములు, రామగుండము విద్యుత్కేంద్రపు ఉద్యోగి కాగితములు ఫోనునుండి ఫోనునకు, అక్కడనుండి ఎచ్చటనో పరుల యంత్రములకు చేరియున్నవి. తాళము వారిదే, తాళపుచెవియు వారిదే. లోకము దీనిని సౌకర్యమని పిలుచుచున్నది. మేము దీనిని పరాధీనత యనుచున్నాము.

ఈ పరాధీనతకు విరుగుడు లేకపోలేదు. ఫైలును మన యెదుటి బ్రౌజరులోనే రహస్యలిపిగా మార్చి, ముక్కలు చేసి, ఆ ముక్కలను పెక్కు యంత్రములకు పంచి దాచు సాధనములు గత యిరువది సంవత్సరములలో రూపొందినవి. ప్రోగ్రాములు వ్రాయువారు వీనిని లైబ్రరీలందురు. వీనిలో ముఖ్యమైనవి ఎవరైనను ఉచితముగా తీసికొని, లోపలి వ్రాత నంతయు చదివి, పరీక్షించి, వాడుకొనునట్లు బహిరంగముగా వెలువడియున్నవి. అయినను మన పట్టణములలో వీని పేరెత్తువారు అరుదు. మన సంఘములు, మన గ్రంథాలయములు, మన కళాశాలలు ఈ విషయమున నిద్రించుచున్నవని చెప్పుటకు మేము సంకోచింపము.

ఈ కాగితములలో నేమున్నది, పరుల చేతబడినచో నేమి పోవునని యడుగువారు గనుల ప్రాంతము నెరుగనివారు. సింగరేణిలో కార్మికుడు అనారోగ్యముచే పనికి తగడని కొత్తగూడెములోని మెడికల్ బోర్డు నిర్ణయించినచో, అతని వారసునికి కారుణ్య నియామకము దొరకు మార్గము కలదు. ఆ నిర్ణయమునకు ఆధారము వైద్యపత్రములు. అవి ముందుగా దళారి చేతికి చిక్కెనా, ఆ కుటుంబపు ఆశ బేరపు సరకగును. మారుపేర్ల చిక్కు ఇంతకంటె గట్టిది. ఒకరి పేరున పనిలో చేరి, ఆ పేరుతోనే దశాబ్దములు బొగ్గు తవ్విన కార్మికులు ఈ ప్రాంతమున కలరు. ఇంటిలో ఒక పేరు, మస్టరులో మరియొక పేరు. ఆధారు కార్డులో నున్న పేరు వేనికి సరిపోవునో ఆ యింటివారికే తెలియును. ఈ కాగితములను ఒకచోట చేర్చి చూపగలవాడు ఆ కుటుంబపు బ్రతుకును గుప్పిట పట్టినవాడే. ఓపెన్‌కాస్టు క్రింద ఊరు పోయినవాని పట్టా, పరిహారపు లెక్క, వారసుల వివాదపు కాగితములు కూడ నిట్టివే.

అట్టి కాగితములను మన మెట్లు కాపాడుకొనుచున్నాము? నెట్ సెంటరులో స్కాను చేయించి, ఆ కంప్యూటరులోనే వదలి వచ్చుచున్నాము. వాట్సాపులో పంపుచున్నాము, అది దారిలో గుప్తమే గాని, చేరిన ప్రతి ఫోనులోను బహిరంగమే. గూగుల్ డ్రైవులో పెట్టి, దాని పాస్‌వర్డును పొరుగింటి కుర్రవానిచేత పెట్టించుచున్నాము. ఆ గూగులే, రెండేండ్లు వాడని ఖాతాలను తుడిచివేయుదునని ప్రకటించి, 2023 డిసెంబరునుండి ఆ పని మొదలిడినది. పింఛను తీసికొను ముసలి కార్మికుడు ఆ హెచ్చరికను చదివి యుండునా? చదివినను తన కాగితములు ఏ ఖాతాలో నున్నవో అతనికి తెలియునా?

తెలంగాణమునకు ఈ కథ క్రొత్తది కాదు. పట్వారి యింటి దస్త్రమును మరచినవారెవరు? భూమి రైతుది, చెమట రైతుది, లెక్క మాత్రము పట్వారిది. కలము వాని చేత, దస్త్రము వాని యింట నుండుటచేతనే ఊరంతయు వాని గుమ్మము ముందు నిలుచుండెడిది. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యెను. మనుష్యుడు పోయెను గాని పద్ధతి పోలేదు; దస్త్రము ఒక యింటినుండి మరియొక యింటికి తరలిపోయినది. 2020 అక్టోబరులో ధరణి వచ్చెను. దాని నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో నుండి, 2024లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు చేతికి మారెను. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చెను. ఈ మార్పులలో తన భూమి వివరము తెరమీద నిన్న ఎట్లుండెనో, నేడు ఎట్లున్నదో నిరూపించుటకు రైతు చేతనున్న ఆధారమేమి? మాసిపోయిన యొక జిరాక్సు ప్రతి.

భూమి లెక్క బహిరంగముగనే యుండవలెను, సర్కారు చేతనే యుండవలెను. అందు మాకు వివాదము లేదు. పౌరుని చేతనుండు ప్రతి పౌరునిదై యుండవలెననియే మా వాదము. సర్కారు దస్త్రమును తప్పుపట్టగల దస్త్రము పౌరుని యొద్ద నున్ననాడే అతడు కార్యాలయమున తలయెత్తి మాటలాడగలడు.

సర్వరులు హైదరాబాదులోనే యున్నవి గదా యని కొందరు ఊరట చెందుచున్నారు. నిజమే, 2022 నవంబరులో అమెజాను తన క్లౌడు కేంద్రములను హైదరాబాదున తెరచెను. రామగుండపు కరెంటు దక్షిణాది గ్రిడ్డులో కలసి అట్టి యంత్రములకు ప్రాణము పోయుచుండవచ్చును. కాని యంత్రము మన మట్టిమీద నున్నంతమాత్రమున తాళపుచెవి మనదగునా? బ్రిటిషు రెసిడెన్సీ కోఠీలో నున్నంతమాత్రమున అది హైదరాబాదు ప్రజల దయ్యెనా?

ఈ అనుమానము వట్టి ఊహ కాదు. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య, రష్యా కంపెనీకి వాటా యున్న కారణమున, మన దేశపు నయారా యను చమురు సంస్థపై ఆంక్షలు విధించెను. ఆ ఆంక్షలు భారతదేశమున శాసనములు కావు. అయినను అమెరికా కంపెనీయైన మైక్రోసాఫ్టు, నయారా తన ధనముతో కొన్న సేవలనే నిలిపివేసినది. సంస్థ ఢిల్లీ హైకోర్టు గడప ఎక్కిన తరువాత ఆ నెలాఖరునకు సేవలు తిరిగి వచ్చెను. పెద్ద చమురు శుద్ధి కర్మాగారమును నడుపు సంస్థ వకీళ్ళను పెట్టుకొని హైకోర్టుకు పోగలిగెను. గోదావరిఖనిలోని ట్రామరు, కోల్‌కట్టరు ఏ కోర్టుకు పోగలడు?

అట్లయిన స్వదేశీ కంపెనీకి అప్పగింతమనువారు కలరు. స్వదేశీ పేరు వినగానే మన హృదయము పొంగును, పొంగుట సహజమే. కాని తాళపుచెవి యున్నచోటనే అధికారమున్నది. విదేశీయుని చేతనున్న మన తాళపుచెవి స్వదేశీయుని చేతికి మారినచో యజమాని మారును. మన స్థితి మారదు. తెలంగాణమునకు ఈ పాఠము నెవరును నేర్పనక్కరలేదు. గడీలలో కూర్చుండి మనచేత వెట్టి చేయించుకొన్న దొరలు పరదేశీయులు కారు.

ఇక ఈ క్రొత్త సాధనములు పనిచేయు తీరును చెప్పెదము. వాడుకలో నున్న పద్ధతిలో మన ఫైలు బ్రౌజరునుండి కంపెనీ సర్వరునకు పోవును. దారిలో దొంగలు చదువకుండ మూసిన కవరులో పోవును గాని, చేరినచోట కవరు విప్పబడును. తరువాత కంపెనీ దానిని తన తాళముతో దాచును, తన తాళపుచెవితో తీయును. క్రొత్త పద్ధతిలో ఫైలు మన యంత్రమును వీడుటకు ముందే రహస్యలిపిగా మారును. సర్వరునకు చేరునది అర్థము లేని అక్షరరాశి మాత్రమే. దానిని దాచువాడు కూలికి మూట మోయువానివంటివాడు. మూటలో నేమున్నదో వానికి తెలియదు, తెలియ నవసరమును లేదు.

బ్రౌజరునకు ఈ శక్తి మొదటినుండి లేదు. 2017 జనవరిలో వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు.3.సి. సంస్థ వెబ్ క్రిప్టోగ్రఫీ ప్రమాణమును ఆమోదించెను. దానిచే, 2001లో అమెరికా ప్రమాణమై లోకమంతటి పరీక్షకు నిలిచిన ఏ.ఇ.ఎస్. వంటి గుప్తీకరణ పద్ధతులు బ్రౌజరులోనే లభించినవి. 2019 డిసెంబరులో వెబ్ అసెంబ్లీ ప్రమాణమైనది. దానిచే, ఇతర భాషలలో వ్రాసిన పెద్ద లైబ్రరీలు బ్రౌజరులో వేగముగా నడువ గలిగినవి. కావున నేడు వేరు యంత్రము కొననక్కరలేదు, ప్రత్యేకముగా ప్రోగ్రామును దింపుకొననక్కరలేదు. కార్మికుని చేతిలోని ఫోను చాలును.

రహస్యలిపిగా మారిన ఫైలు ముక్కలగును. ప్రతి ముక్కకును దానిలోని అక్షరములనుండియే లెక్కగట్టిన గుర్తు ఒకటి యుండును. దానిని హ్యాష్ అందురు. ముక్కలో ఒక్క అక్షరము మారినను ఆ గుర్తు సరిపడదు. కాబట్టి ముక్కను ఎవని యంత్రమునుండి తెచ్చినను, అది మన ముక్కయేనా, మార్చబడినదా యని మన బ్రౌజరే తేల్చగలదు. దాచినవాని మాట నమ్మవలసిన పని లేదు. 2015లో వెలువడిన ఐ.పి.ఎఫ్.ఎస్. ఈ పద్ధతిని లోకమునకు బాగుగ తెలిపినది. అంతకు ముందే, 2007లో, టాహో-లాఫ్స్ అను పంపిణీ వ్యవస్థ వెలువడినది. అది ఒక ఫైలును పది తునకలుగా పది యంత్రములకు పంచి, వానిలో ఏ మూడు దొరకినను మొత్తమును తిరిగి కూర్చునట్లు ఏర్పరచెను. గని లోపలి పైకప్పును పెక్కు స్తంభములు మోయునని యెరిగిన మనవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు.

తాళపుచెవుల కూర్పు మరింత గమనింపదగినది. 2006లో జ్యూరిచ్ నగరపు ఇ.టి.హెచ్. పరిశోధకులు క్రిప్ట్రీ యను పద్ధతిని ప్రకటించిరి. పై ఫోల్డరు చెవి యిచ్చినచో దాని క్రిందివన్నియు తెరచుకొనును. క్రింది ఫోల్డరు చెవి యిచ్చినచో పైవి తెరచుకొనవు. నేడు బ్రౌజరులోనే గుప్తీకరణము చేయు పీర్‌గాస్ ఈ పద్ధతినే యనుసరించుచున్నది. ఫిషన్ అను సంస్థ తయారుచేసిన వెబ్ నేటివ్ ఫైల్ సిస్టమ్ అను లైబ్రరీ మరియొక మెట్టు ఎక్కినది. అందలి చెవి ముందుకే తిరుగు పండ్లచక్రము వంటిది: నేడిచ్చిన చెవితో నేటి ప్రతిని, రేపటి ప్రతులను చదువవచ్చును గాని నిన్నటి ప్రతులను చదువరాదు. దీని ప్రయోజన మూహింపుడు. కార్మికుడు తన వైద్యపత్రముల ఫోల్డరు నొక్కదానిని సంఘపు కార్యదర్శికి చూపగలడు. అతనికి పట్టా కనబడదు, మారుపేరు కనబడదు, కూతురి పెండ్లి అప్పు కనబడదు. వకీలుకు చూపవలసినది వకీలుకు, ఆసుపత్రికి చూపవలసినది ఆసుపత్రికి. ఇనుపపెట్టెకు ఇంతటి విచక్షణ లేదు. దానిని తెరచినచో అంతయు తెరచినట్లే.

దీనికి ఆక్షేపణలు వినబడుచున్నవి. తప్పు చేయనివానికి దాచవలసిన దేమున్నదని కొందరందురు. ఇట్లనువారు తమ జీతపు చీటీని, భార్య వైద్యపత్రమును, తండ్రి వీలునామాను చౌరస్తాలో అంటింప సిద్ధపడుదురా? దాపరికము వేరు, నేరము వేరు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు కూడి, ఆంతరంగికత రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా చెప్పిరి. ఆ హక్కును వినియోగించు సాధనము చేతలేనప్పుడు హక్కు తీర్పు ప్రతిలోనే యుండును.

నేరగాండ్రు, దేశద్రోహులు ఈ సాధనమును వాడుదురని మరికొందరి భయము. ఈ భయము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని దానికి జవాబు శాసనములలోనే యున్నది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము, 1898 నాటి పోస్టాఫీసు చట్టము మన మాటలను, ఉత్తరములను అడ్డగించు అధికారమును పరప్రభుత్వమునకు కట్టబెట్టెను. వాని స్థానమున 2023లో క్రొత్త చట్టములు వచ్చినవి. ఆ అధికారము మాత్రము అట్లే నిలిచియున్నది. ఐ.టి. చట్టపు 69వ సెక్షను క్రింద రహస్యలిపిని విప్పుటకు సహకరింపుమని అధికారులు ఆజ్ఞాపింపవచ్చును. నిరాకరించినచో ఏడేండ్లవరకు కారాగారము. ఒకానొకనిపై అనుమానము కలిగినచో వాని తలుపు తట్టుటకు ప్రభుత్వమునకు ఇన్ని అధికారము లుండగా, వీధిలోని ఇండ్లన్నింటి తాళపుచెవులు ముందుగనే కచ్చేరిలో వ్రేలాడవలెననుట ఏ న్యాయము?

ప్రభుత్వము మంచిదైనను చెవులు భద్రముగ నుండునన్న హామీ లేదు. 2024లో మన రాష్ట్ర పోలీసులు ప్రజలకొరకు నడపుచున్న హాక్ ఐ యాప్ సమాచారమే బయటకు పొక్కెను. పోలీసులే కేసు పెట్టి అరెస్టు చేయవలసి వచ్చెను. కావలివాని యింటనే కన్నము పడినప్పుడు కావలివానిని నిందించుటకంటె, సొత్తునంతయు ఒకేచోట పోగుచేయు పద్ధతిని ప్రశ్నించుట మేలు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కూడ, కేంద్రము పేర్కొన్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునకు తావిచ్చుచున్నది. శాసనము విడిచిన సందును తాళము మూయవలసియున్నది.

పెద్ద కంపెనీలే పూర్తి గుప్తీకరణము నిచ్చుచున్నవి గదా యను ఆక్షేపణ మిగిలినది. 2025 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఏమి చేసినదో చూడుడు. బ్రిటను ప్రభుత్వపు రహస్యాజ్ఞ వార్తలు వెలువడిన వెంటనే, ఆ దేశస్థులకు తన పూర్తి గుప్త నిల్వ సేవను ఉపసంహరించుకొనెను. ఒక్క కంపెనీ, ఒక్క ఆజ్ఞ. ఒక దేశపు ప్రజల తాళము సడలిపోయెను. బహిరంగమైన లైబ్రరీని వందచోట్ల వందమంది నడుపుచున్నప్పుడు అట్టి ఆజ్ఞను ఎవరి పేర వ్రాయుదురు?

ఇంత చెప్పినమీదట, ఈ సాధనములను మెచ్చుకొనువారు వీని లోపములను కప్పిపుచ్చుటను కూడ మేము సహింపము. మొదటి లోపము బ్రౌజరులోనే యున్నది. తాళము వేయు ప్రోగ్రామును బ్రౌజరు సాధారణముగా సర్వరునుండియే తెచ్చుకొనును. నేడు మంచి తాళమును పంపినవాడు రేపు, ఒక్క మనకుమాత్రమే, చెవిని దొంగిలించు తాళమును పంపవచ్చును. హష్‌మెయిల్ అను కెనడా సంస్థ గుప్తమైన ఉత్తరముల సేవయని పేరుపొంది, 2007లో కోర్టు ఆజ్ఞపై కొందరి ఉత్తరములను విప్పి అధికారులకు సమర్పించినట్లు వెల్లడియయ్యెను. అందువలన ప్రోగ్రాము ఎవరి సర్వరునుండి వచ్చుచున్నది, దాని హ్యాష్ ప్రకటిత ప్రతితో సరిపోవుచున్నదా యని చూచు ఏర్పాటు లేక, బ్రౌజరు తాళమును గుడ్డిగా నమ్మరాదు.

రెండవది, బ్రౌజరు మరపు. ఐఫోనులలోని సఫారీ, ఏడు దినములు ఆ సైటును వాడనిచో ఆ సైటు ప్రోగ్రాము దాచుకొన్న సమాచారమును తుడిచివేయు నియమమును 2020లో పెట్టినది. చెవిని బ్రౌజరులోనే వదలినవాడు చెవిని పోగొట్టుకొనును. మూడవది, చెవి పోయినచో ఫైలు పోయినట్లే; దరఖాస్తు పెట్టిన తిరిగి యిచ్చు కార్యాలయము లేదు. నాల్గవది, పంచిన ముక్కలను వెనుకకు పిలుచుట కష్టము. అవి ఎవని యంత్రముననో మిగిలియుండవచ్చును. ఐదవది, నెట్ సెంటరు కంప్యూటరులో నొక్కిన ప్రతి అక్షరమును పట్టు దొంగ ప్రోగ్రాము ఉన్నచో, ఏ గుప్తీకరణమును కాపాడలేదు. చెవిని సొంత ఫోనులో తప్ప ఎక్కడను వాడరాదు.

కంపెనీల ఆయువును కూడ లెక్కింపవలెను. క్రిప్ట్రీని మొదట వాడిన స్విస్ సేవ వువాలా 2015లో మూతపడెను. ఫిషన్ సంస్థయు 2024లో ముగిసెను. అయితే ఈ రెంటికిని భేదమున్నది. వువాలా పోగా సేవయు పోయినది. ఫిషన్ పోయినను, దాని లైబ్రరీ బహిరంగమైనందున, దానిని చదివి సాగింపదలచినవారికి దారి మూసుకొనిపోలేదు. మూలము మూసియున్న సాధనమును, ఎంత తియ్యని మాటలు చెప్పినను, మన సంఘములు ముట్టరాదు.

ఈ లోపములను చూచి వెనుదీయుమనుట మా యభిప్రాయము కాదు. ప్రతి లోపమునకును సమష్టి ప్రయత్నమున మందున్నది. ఒంటరి కార్మికునివలన కాదు. చెవి పోవుననెడి భయమునే చూడుడు. 1979లో ఆది షమీర్ అను గణితవేత్త, ఒక రహస్యమును పెక్కు భాగములుగ చేసి, నిర్ణయించినన్ని భాగములు కూడినప్పుడే అది తిరిగి వచ్చు ఉపాయమును ప్రకటించెను. ఐదు భాగములు చేసి ఐదుగురికిచ్చిన, ఏ ముగ్గురు కూడినను చెవి దొరకును. ఇద్దరు కుమ్మక్కైనను ఏమియు దొరకదు. భార్యకొకటి, అన్నకొకటి, బావమరదికొకటి, నమ్మిన మిత్రునికొకటి, సంఘమునకొకటి. పెద్దమనుష్యులను కూర్చి పంచాయతి చేసికొను అలవాటు గల జాతికి ఇంతకంటె సులభమైన శాస్త్రమున్నదా?

కావున చేయవలసినది స్పష్టము. గనుల ప్రాంతమందలి కార్మికసంఘములు తమ కార్యాలయములలో తలా ఒక యంత్రమును ఈ పనికి కేటాయింపవలెను. గోదావరిఖని సంఘపు ముక్కలు మందమర్రిలోను, మందమర్రివి భూపాలపల్లిలోను, బసంత్‌నగర్‌వి కొత్తగూడెములోను నిలువవలెను. ఒకచోట నిప్పుపుట్టినను, జప్తు జరిగినను, యంత్రము చెడినను, కార్మికుని కాగితము చెడకూడదు. సంఘములలో పార్టీభేదములు కలవు, ఉండనిండు. ఏ సంఘపు యంత్రమునకును ఏ కార్మికుని కాగితమును చదువు శక్తి లేనందున, ప్రత్యర్థి సంఘపు యంత్రములో దాచుటకును భయములేదు. ఈ పద్ధతికి గల గొప్పతనమంతయు ఇందే యున్నది.

గ్రంథాలయముల బాధ్యత ఇంకను పెద్దది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది మొదలు, తెలంగాణపు మేలుకొలుపు గ్రంథాలయములనుండియే వచ్చినది. సభ జరుపుటకు గస్తీ నిషాన్ 53 క్రింద సర్కారు అనుమతిని యాచింపవలసిన దినములలో, నలుగురు కూర్చుండి చదువుకొను గదియే మన సభాస్థలమయ్యెను. నేడు పెద్దపల్లి, మంచిర్యాల, కరీంనగరు జిల్లాల గ్రంథాలయ సంస్థలకు మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును చెల్లించుచున్నాము. ఆ ధనముతో పత్రికలు, పోటీపరీక్షల పుస్తకములు తెప్పించుట మంచిదే. వారమునకొక సాయంకాలము తాళపుచెవిని చేసికొనుట, భాగములు చేయుట, ఫోల్డరును పంచుట నేర్పుటయు అంతే మంచిది. దానికి విద్వాంసుడు అక్కరలేదు. ఓపికగల యువకుడు ఒకడు చాలును.

మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు ఒక మాట. సెంటినరీ కాలనీలోని మంథని జె.ఎన్.టి.యు. కళాశాల బొగ్గుగనుల నడుమ నున్నది. అచ్చటివారును, అట్టి ఇతర కళాశాలలవారును ఏటేట ప్రాజెక్టులు చేయుచున్నారు. ఈ లైబ్రరీలకు తెలుగు ముఖము కట్టుడు. "చెవి", "పెట్టె", "పంచు", "ఉపసంహరించు" అని తల్లిభాషలో కనబడునట్లు చేయుడు. ప్రోగ్రాము ప్రతిని పరీక్షించి, దాని హ్యాష్‌ను ప్రతి గ్రంథాలయపు నోటీసు బోర్డుమీద అంటింపుడు. సర్వరు మోసగించినచో నోటీసు బోర్డు సాక్ష్యము చెప్పును. అమెరికాలో ఉద్యోగమునకు పోవుటకుముందు అమ్మ పింఛను కాగితమునకు తాళము వేసి పొండు.

ప్రభుత్వమును మేము కోరునవి రెండు. పౌరునికిచ్చు ప్రతి పత్రమును డిజిటలు సంతకముతో ఇయ్యవలెను. అప్పుడు అతని ప్రతి మార్పులేనిదని హ్యాష్ చెప్పగా, అది సర్కారుదేయని సంతకము చెప్పును. 2015లో వచ్చిన డిజిలాకరు ఈ దారిలో కొంత నడచినది, అందుకు సంతోషమే. కాని ఆ పెట్టె సర్కారు యింట నున్నది. పౌరుడు అదే పత్రమును తన పెట్టెలో, తన చెవితో దాచుకొని చూపినను కార్యాలయము అంగీకరింపవలెను. రెండవది, ఈ సాధనములకు దొడ్డిదారి తలుపు పెట్టుమని ఎన్నడును శాసింపరాదు. సర్కారుకొరకు పెట్టిన దొడ్డిదారిన దొంగయు వచ్చును.

ఇది కష్టమని, మన జనమునకు అందదని పలుకువారికి మా తుదిమాట. నాలుగు వందల అడుగుల లోతున, చీకటిలో, గ్యాసును కనిపెట్టుచు, పైకప్పు చప్పుడు వినుచు బొగ్గు తీసిన జనమిది. ఫోనులో డబ్బు పంపుట నేర్చినది, ఆన్‌లైనులో మస్టరు చూచుకొనుట నేర్చినది. తాళపుచెవి నేర్వలేదనుట ఆ జనమును అవమానించుటయే. నేర్పువారు లేకపోవుటయే లోపము. రాబోవు సంఘ మహాసభలోను, గ్రంథాలయ కమిటీ సమావేశములోను ఈ తీర్మానమును ఎవరో ఒకరు లేచి ప్రతిపాదింపుడు: మన కాగితములు మన చెవితోనే దాచుకొందుము, మన యంత్రములలోనే పంచుకొందుము. ఓడిపోయినచో మరుసటి నెల మరల ప్రతిపాదింపుడు.